వాన వెలిసింది అంటే ఇంగ్లీషులో ఏమంటారు?

నా ఫోన్లో జీపీఎస్ మ్యాప్ కెమెరా అని ఒక యాప్ ఉంది. కాలేజీల్లో పనిచేసేవాళ్లు ఎవరి ఫోన్ తెరిచినా అది కనిపిస్తుంది. దాంతో ఫోటో తీస్తే కింద నల్లటి పట్టీలో ఊరి పేరు, అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము వచ్చేస్తాయి. కాలేజీల నాణ్యత తేల్చే న్యాక్‌కి చూపించే ఫైల్లో ఏ కార్యక్రమానికైనా ఆ పట్టీ ఉన్న ఫోటో పెట్టాలి. పట్టీ లేకపోతే కార్యక్రమం జరగనట్టే లెక్క.

ఒక ఏడాది ఏప్రిల్ 23న షేక్‌స్పియర్ జయంతి చేశాం. పిల్లలు తలా ఇరవై రూపాయలు వేసుకుని కేకు తెచ్చారు. ఒకమ్మాయి మర్చంట్ ఆఫ్ వెనిస్ నాటకంలో పోర్షియా కోర్టులో చెప్పే మాటలు బట్టీపట్టి, ఎక్కడా తడబడకుండా చెప్పింది. సాయంత్రం చూసుకుంటే ఫోటోలన్నీ మామూలు కెమెరాతో తీసినవే. మర్నాడు మళ్లీ ఫ్లెక్సీ కట్టాం. కేకు అయిపోయింది కాబట్టి ఖాళీ అట్టపెట్టె మూత మూసి, దాని మీద కత్తి ఆనించి, చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టాం. పట్టీలో మర్నాటి తేదీ పడింది. ఆ రికార్డుల ప్రకారం షేక్‌స్పియర్ ఇప్పటికీ ఏప్రిల్ 24నే పుట్టాడు. పోర్షియా మాటలు చెప్పిన అమ్మాయి రెండో రోజు కాలేజీకి రాలేదు. ఫోటోలో ఆమె లేదు.

నేను పీజీ చదివిందీ, ఆ తర్వాత పదహారేళ్లుగా పాఠాలు చెప్తున్నదీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే. మూడు ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లు చూశాను. ఒకచోట గెస్టుగా, ఒకచోట పార్ట్‌టైముగా, ఇప్పుడు కాంట్రాక్టు మీద. ఏ ముచ్చట ఏ చోటిదో చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు. మూడు చోట్లా కొత్తగా చేరినవాళ్లకు అంటగట్టే పని ఒకటే ఉండేది: డిపార్ట్‌మెంటు వార్తలు రాయడం. వార్షిక సంచికకి ఒక పేజీ, న్యాక్ ఫైలుకి ఒక కాపీ, పేపరు విలేఖరికి వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు. నేను కొత్తదాన్ని కాకుండా పోయి చాలా ఏళ్లయింది కానీ ఆ పని మాత్రం నన్ను వదల్లేదు.

మొన్న పాత ఫైళ్లు సర్దుతూ నేను రాసిన వార్తలన్నీ ఒకచోట పెట్టి చదువుకున్నాను. వాటన్నిట్లో క్రియలు నాలుగే ఉన్నాయి. నిర్వహించారు, ప్రారంభించారు, సత్కరించారు, అభినందించారు. "చదివారు" అని ఎక్కడా లేదు. "రాశారు" కూడా లేదు. సాహిత్యం పేరు మీద బతికే శాఖ గురించి పదహారేళ్లు వార్తలు రాసి, ఆ రెండు మాటల అవసరం ఒక్కసారి కూడా రాలేదంటే నాకే సిగ్గేసింది. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చిందే.

సదస్సు ఎలా జరుగుతుందో ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం రాస్తాను. పది గంటలకు అంటారు, పదకొండుంపావుకి ప్రార్థనా గీతం. జ్యోతి ప్రజ్వలనకు ఫ్యాన్లు ఆపుతారు. ఒత్తి అంటుకునేదాకా అందరూ చెమటలు కక్కుతూ నిలబడతారు. శాలువాలు, జ్ఞాపికలు, పూలమొక్క కుండీ. ఈమధ్య బొకే బదులు మొక్క ఇస్తున్నాం, అది పర్యావరణం కింద ఇంకో ఫైల్లోకి కూడా పనికొస్తుంది. ముఖ్య అతిథి ప్రసంగంలో సగం ఆయన విదేశీ ప్రయాణం. ఒంటిగంటన్నరకి భోజనం టోకెన్లు. ఆ తర్వాతే అసలు పత్రాలు చదివే సెషన్. అప్పటికి హాల్లో పత్రాలు చదవాల్సినవాళ్లు, వాళ్లతో వచ్చినవాళ్లు తప్ప ఎవరూ మిగలరు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలని చెప్పి ఐదో నిమిషానికి గంట కొడతారు. "టైటిల్, కన్‌క్లూజన్ చదవండమ్మా, చాలు" అంటారు మాడరేటర్‌గారు. సాయంత్రం సర్టిఫికెట్టు. ఆరునెలలకు పత్రాలన్నీ ఐఎస్‌బీఎన్ నంబరుతో పుస్తకంగా వస్తాయి. ఆ పుస్తకాన్ని ప్రూఫ్ దిద్దినవాళ్లు కూడా మొదటినుంచి చివరిదాకా చదవలేదని దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

నేనూ అట్లాంటి పత్రాలు చదివాను. ఒకసారి ప్రకృతి విమర్శ మీద. కెనడా అడవుల గురించి ఒక నవలలో ఏముందో ఏడు పేజీలు రాశాను. కెనడా నేను చూడలేదు. మేం కూర్చున్న హాలుకి ఇరవై కిలోమీటర్లలోపే బకింగ్‌హాం కాలువ ఉంది, దాని చుట్టూ రొయ్యల గుంటలున్నాయి, ఆ గుంటల నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న మా సదస్సులోకి రాలేదు. వచ్చినా దాన్ని ఏ భాషలో అడగాలో మాకు తెలియదు.

2020 వేసవి సంగతి వేరే చెప్పాలి. లాక్‌డౌన్‌లో అందరూ వెబినార్ల మీద పడ్డారు. గూగుల్ ఫారంలో పది ప్రశ్నలు, నాలుగు రైటయితే మెయిల్‌కి సర్టిఫికెట్టు. ఆ రెండు నెలల్లో నాకు ఇరవై ఏడు వచ్చాయి. ఒక రోజు మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తూ మిల్టన్ మీద ఒకటి సంపాదించాను. ఇప్పటికీ వాటిని చూసి నవ్వాలో ఏడవాలో అర్థం కాదు.

ఇంతకీ ఈ డిపార్ట్‌మెంటు ఎందుకు పుట్టిందో ఒకసారి చూద్దాం. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వంలో ఉన్న మెకాలే 1835 ఫిబ్రవరి 2న మన చదువుల మీద రాసిన మినిట్‌ని, అంటే అధికార పత్రాన్ని, మేం ప్రతి ఏడాదీ పాఠంగా చెప్తాం. రక్తంలో భారతీయులు, అభిరుచిలో ఇంగ్లీషువాళ్లు అన్న ఒక్క ముక్కే అందరికీ గుర్తుంటుంది. తిట్టడానికి అది బాగుంటుంది కూడా. కానీ ఆ వాక్యం చుట్టూ ఉన్నవి ఎవరూ చదవరు. తమకూ తాము పాలించే కోట్లమందికీ మధ్య దుబాసీలుగా పనిచేసే ఒక వర్గం కావాలన్నాడు ఆయన. ఆ వర్గమే పడమటి శాస్త్రాల మాటలు తెచ్చి దేశభాషలను బలపరచాలని, చదువును జనంలోకి మొయ్యాలని కూడా అన్నాడు. ఆయన ఉద్దేశాలు ఎంత దుర్మార్గమైనవో మనకు తెలుసు, ఆ సంస్కృత, అరబ్బీ గ్రంథాల గురించి కూసిన కూతలూ తెలుసు. అయినా నాకు ఒకటి అనిపిస్తుంది. మెకాలే అడిగినంత కూడా మేం చెయ్యట్లేదు. ఆయన రెండు భాషల మనుషుల్ని అడిగాడు. మేం ఒకటిన్నర భాషల మనుషుల్ని తయారుచేస్తున్నాం. ఒకటి ఇంటి దగ్గర మాట్లాడేది, రాయడానికి సిగ్గుపడేది. సగం పరీక్షకి రాసేది, మాట్లాడ్డానికి భయపడేది.

ఇంకో విచిత్రం. ఇంగ్లీషు సాహిత్యాన్ని కాలేజీల్లో సబ్జెక్టుగా పెట్టడం ఇంగ్లండ్ కంటే మన దేశంలోనే ముందు మొదలైందంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషుకి ప్రత్యేక స్కూలు ఏర్పడింది 1894లో. అంటే ఈ సరుకు మొదట మనమీదే పరీక్షించి చూశారు. 1968లో నైరోబీ యూనివర్సిటీలో కెన్యా రచయిత న్‌గూగీ వా థియాంగో, మరో ఇద్దరు కలిసి ఇంగ్లీషు డిపార్ట్‌మెంటునే ఎత్తేసి ఆఫ్రికా సాహిత్యాన్ని మధ్యలో పెట్టమని రాశారు. మా పిల్లలు దాన్ని నెట్ బిట్టుగా, అంటే లెక్చరర్ అర్హత పరీక్షలో వచ్చే చిన్న ప్రశ్నగా చదువుతారు. ఎవరు రాశారు, ఏ సంవత్సరం, ఏ యూనివర్సిటీ. నెట్‌లో సబ్జెక్టు పేపరుకి వంద ప్రశ్నలు, రెండొందల మార్కులు, కాబట్టి వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ బిట్టు వాళ్ల క్లాసు గురించే అని ఎవరికీ తట్టకపోవడం మాత్రం మా తప్పు.

ఎత్తెయ్యమని నేను అనను. నా కాంట్రాక్టు ఇంకా రెన్యువల్ కావాలి. నేననేది ఏమిటంటే, ఈ జిల్లాల్లో ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు అసలు పని రెండు భాషల మధ్య సరుకు మొయ్యడం. ఆ పనిని మేమే గుమ్మం బయట నిలబెట్టి లోపల జ్యోతి వెలిగించుకుంటున్నాం.

ఈ ఊళ్లకు ఆ పని కొత్తేమీ కాదు. నెల్లూరు పాత పేరు విక్రమసింహపురి, 2008లో పెట్టిన యూనివర్సిటీ పేరూ అదే. ఆ ఊళ్లో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉంటూ తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. నన్నయ వదిలిపెట్టిన అరణ్యపర్వం మిగతా భాగాన్ని పూర్తిచేసిన ఎర్రన అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నాడు. కవిత్రయంలో ఇద్దరు ఈ చుట్టుపక్కలవాళ్లే, ఇద్దరూ అనువాదకులే. కేతన సంగతి నాకు ఇంకా ఇష్టం. దండి సంస్కృతంలో వచనంగా రాసిన దశకుమారుల కథను తెలుగు పద్యంలోకి తెచ్చి తిక్కనకే అంకితమిచ్చాడు. ఒక అనువాదకుడికి ఇంకో అనువాదకుడు ఇచ్చే కానుక అంతకంటే ఏముంటుంది? శాలువా కంటే నయం. మన కాలానికి వస్తే బుచ్చిరెడ్డిపాళెం నుంచి శాంతినికేతన్ వెళ్లి చదువుకున్న బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రిగా, గవర్నరుగా ఎంత తిరిగినా రవీంద్రుణ్ణి తెలుగు చెయ్యడం మాత్రం ఆపలేదు. వీళ్లెవరి పేరూ మా ఇంగ్లీషు సిలబస్‌లో నేను చూడలేదు. వాళ్లు "తెలుగు డిపార్ట్‌మెంటు వాళ్లు". మా రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఒక వరండా ఉంటుంది. దాటడానికి ఇరవై అడుగులు. పదహారేళ్లలో ఆ వరండా దాటి మేం వాళ్ల దగ్గరికి వెళ్లింది ఎక్కువగా స్టేప్లర్ కోసం.

క్లాసులోకి వద్దాం. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది. పరీక్ష ఇంగ్లీషులో రాయాలి, సరే. దాంతోపాటు ఇంకో రూలు ఎవరూ రాయకుండానే వచ్చేసింది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట వినపడకూడదు. ఒకచోట అయితే తెలుగు మాట్లాడితే పది రూపాయల ఫైను, టేబుల్ మీద డబ్బా. నెలాఖరుకి డబ్బాలో నూట నలభై రూపాయలు తేలాయి. అందరూ అది విజయం అనుకున్నారు. నాకు మాత్రం ఆ నెలంతా క్లాసు ఎట్లా ఉందో గుర్తుంది. ఎవరూ తెలుగు మాట్లాడలేదు నిజమే. ఇంగ్లీషు కూడా మాట్లాడలేదు. అరవై మంది పిల్లలు నెల రోజులు నోరు మూసుకుని డబ్బులు మిగుల్చుకున్నారు.

డబ్బా తీసేశాక జరిగిన ఒక చిన్న సంగతి చెప్తాను. అమెరికా పల్లె గురించిన ఒక గద్యభాగం చెప్తున్నాను. అందులో బార్న్ అనే మాట వచ్చింది. అర్థం ఎవరికైనా తెలుసా అంటే కొండపి వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. ఆ అబ్బాయి చెయ్యెత్తడం అదే మొదటిసారి.

"బ్యారన్ మేడం. మా ఇంటికాడ ఉంది."

"ఎట్లా ఉంటుంది?"

"ఇటుకలతో ఎత్తుగా కడతారు మేడం. బయట పొయ్యి, లోపల గొట్టాలు. ఆకు కర్రలకల్లి లోపల అంతస్తుల మాదిరి ఎక్కిస్తారు. మా తాత రాత్రంతా పడుకోడు, థర్మామీటరు చూసుకుంటా ఉంటాడు."

క్లాసు నవ్వింది. పాఠంలో బార్న్‌లో ఆవులున్నాయి, గడ్డి ఉంది. అబ్బాయి ముఖం మాడిపోయింది. నేను ఆపి, అతను చెప్పింది తప్పు కాదని, పొగాకు క్యూరింగ్ కోసం కట్టే ఆ ఇంటికి మనవాళ్లు పెట్టుకున్న పేరు ఈ బార్నేనని చెప్పాను. ఆ మాట సముద్రం దాటి వచ్చి, ప్రకాశం జిల్లాలో నోటికి తిరిగేటట్టు మారి, ఆవులను, గడ్డిని వదిలేసి పొగాకుని పట్టుకుంది. మరి అక్కడి బార్న్‌కి తెలుగులో ఏమందాం అని అడిగాను. కొట్టం అంది ఒకమ్మాయి. గొడ్లసావిడి అన్నాడు ఇంకొకడు. గడ్డి కూడా ఉంది కదా, సావిడిలో గడ్డి దాస్తారా, గడ్డి వామి బయటే కదా ఉండేది అని మరొకరు. అమెరికాలో మంచు పడుతుంది కాబట్టి గడ్డి లోపల పెట్టుకుంటారేమో అని చివరి బెంచీ. ఇరవై నిమిషాలు ఒక్క మాట చుట్టూ తిరిగాం. ఆ పల్లె, ఆ చలి, ఆ రైతు ఇంటి ఏర్పాటు అన్నీ వాళ్లంతట వాళ్లే పైకి లాక్కొచ్చారు. గంట కొట్టాక కూడా ఇద్దరు వాదించుకుంటూ మెట్లు దిగారు. సిలబస్‌లో ఆ రోజు నేను సగం పేజీ కూడా దాటలేదు.

ఆ అబ్బాయి తాత చదువుకోలేదు. విడవలూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే పిల్లల అమ్మానాన్నల్లో చాలామంది ఐదో తరగతి దాటలేదు. కానీ రొయ్యలు సాగుచేసే వాళ్ల ఇళ్లలో కౌంట్, సీడ్, ఏరియేటర్, సాలినిటీ, వైట్‌స్పాట్ అనే మాటలు ఉప్పు, చింతపండు అన్నంత మామూలుగా తిరుగుతుంటాయి. ముప్పై కౌంట్ అంటే కేజీకి ముప్పై రొయ్యలని, అంకె తగ్గితే రేటు పెరుగుతుందని ఆ ఇంటి ముసలమ్మకి కూడా తెలుసు. మన దేశంలోకి వనామీ రకం రొయ్య వచ్చింది 2009లో. ఈ కొద్ది ఏళ్లలోనే దానికి కావాల్సిన భాషంతా వాళ్లు తయారుచేసుకున్నారు. ఏ డిపార్ట్‌మెంటునీ అడగలేదు. ఇట్లాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లకి మేం మొదటి రోజే చెప్పే మాట, "మీకు బేసిక్స్ లేవు."

ఇక్కడ నాతో పనిచేసే ఒక పెద్దాయన అడ్డుపడతారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. "అమ్మా, తెలుగులో చెప్పీ చెప్పే కదా మన తరం ఇట్లా తయారైంది. మాస్టారు ఒక లైను చదివేవాడు, తెలుగులో అర్థం చెప్పేవాడు, మనం గైడు కొనుక్కుని బట్టీపట్టేవాళ్లం. ఎంఏ పాసయ్యాం. ఒక పేరా సొంతంగా రాయలేం."

నిజం. నేనూ అట్లాగే చదివాను. కీట్స్ పద్యం మొత్తానికి తెలుగు అర్థం నా నోట్సులో ఉంది, కీట్స్ మాత్రం లేడు. ఆ పద్ధతి మీద నాకు ఏ మమకారమూ లేదు. కానీ అప్పుడు జరిగిందేమిటో చూడండి. అనువాదం చేసింది మాస్టారు. కష్టపడింది ఆయన, మాట కోసం వెతికింది ఆయన, ఆ వెతుకులాటలో ఏదైనా నేర్చుకుని ఉంటే నేర్చుకుంది కూడా ఆయనే. మనం నమిలిన ముద్ద మింగాం. బార్న్ రోజున నేను ఏమీ అనువదించలేదు. పిల్లలు చేశారు, తగువులాడుకుంటూ. రెండింటిలోనూ క్లాసులో తెలుగు వినపడింది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటే, వంట చెయ్యడమూ హోటల్లో తినడమూ ఒకటే అనాలి.

రెండో అడ్డంకి తల్లిదండ్రులది. మాకు కవిత్వం వద్దు మేడం, మావాడు ఇంటర్వ్యూలో మాట్లాడితే చాలు అంటారు. చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం. అందులో తప్పేముంది? కడుపు నిండాలి. అందుకే ప్రతి డిపార్ట్‌మెంటులో కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ పెట్టారు. హెడ్‌ఫోన్లు, కంప్యూటర్లు, కాలర్ మైకులు. నేను చూసిన ఒక ల్యాబ్‌లో సగం హెడ్‌ఫోన్లకి ఒక చెవే పనిచేసేది. కానీ అసలు చిక్కు హెడ్‌ఫోన్లలో లేదు. "నీ గురించి చెప్పు" అని అడిగితే పిల్లలందరూ ఒకే జవాబు చెప్తారు. హార్డ్ వర్కర్‌ని, క్విక్ లెర్నర్‌ని, హాబీలు పాటలు వినడం, క్రికెట్ ఆడటం. ఆ జవాబు ల్యాబ్‌లో నేర్పిందే. బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకునే తాత గురించి ఆ అబ్బాయి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పగలిగితే ఏ ఇంటర్వ్యూ బోర్డయినా తలెత్తి చూస్తుంది. చెప్పలేకపోవడానికి కారణం వాడికి ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కాదు. వాడి తాత ఇంగ్లీషులో చెప్పదగ్గ సంగతని వాడికి ఎవరూ చెప్పలేదు.

2025లో బాను ముష్తాక్‌గారి కన్నడ కథలకు ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చింది. అనువదించింది దీపా భస్తి. యాభై వేల పౌండ్లు రచయిత్రికీ అనువాదకురాలికీ సగం సగం. ఆ రోజు మా గ్రూపుల్లో అభినందన పోస్టర్లు పోటీపడి వచ్చాయి. మా దగ్గర దాని మీద ఒక ఎక్స్‌టెన్షన్ లెక్చర్ పెట్టారు, వార్త నేనే రాశాను. లెక్చర్ తర్వాత టీ తాగుతూ నేను అడిగాను. మనం నెల్లూరు కథ ఒక్కటి, ఎవరిదైనా సరే, పిల్లలతో ఇంగ్లీషు చేయిద్దామా అని. "మంచి ఐడియా మేడం" అన్నారు అందరూ. అంతా మంచి ఐడియా అన్నారంటే ఎవరూ చెయ్యరని అర్థం. ఒకాయన మాత్రం నిజాయితీగా చెప్పారు. "అనువాదానికి పాయింట్లు ఎన్నొస్తాయో చూడాలి మేడం. ఆర్టికల్‌కి ఎక్కువొస్తాయి."

చివరికి ఒక్కదాన్నే మొదలుపెట్టాను. శనివారం మధ్యాహ్నం, ఆఖరి పీరియడ్. రూలు ఒకటే. వారంలో ఇంట్లో విన్న ఒక వాక్యాన్ని తెలుగులో యథాతథంగా రాసుకుని రావాలి, అందరం కలిసి ఇంగ్లీషు చేస్తాం. యాసలో ఉన్నా సరే, యాసలో ఉంటే ఇంకా మంచిది. మొదటి వారం ఇరవై రెండు మంది వచ్చారు. మూడో వారానికి తొమ్మిది. మార్కులు లేవు, సర్టిఫికెట్టు లేదు, పైగా శనివారం మధ్యాహ్నం బస్సులు తక్కువ. రాని వాళ్లను నేను ఏమీ అనలేదు. ఇంకా చెప్పాలంటే కొన్ని శనివారాలు చాలా నీరసంగా గడిచాయి. "టైముకి తినరా" అన్న వాక్యం నలుగురు తెచ్చారు ఒకసారి. కాకపోతే అందులో ఆ "రా"ని ఇంగ్లీషులోకి ఎట్లా తెస్తారో చూద్దామని అరగంట గడిపాం, తేలేకపోయాం.

దీన్ని యాక్టివిటీ కింద చూపించుకుందాం అని డిపార్ట్‌మెంటులో ఒక మాట వచ్చింది. పేరు పెట్టాలి, ప్రారంభోత్సవం చెయ్యాలి, లోగో ఉంటే బాగుంటుంది, పక్క కాలేజీతో ఎంఓయూ అనే ఒప్పందం ఉంటే ఇంకా బాగుంటుంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అందులో నా పొగరు కూడా ఉందనిపించింది. రికార్డులోకి ఎక్కని పని నేను వెళ్లిపోయిన మర్నాడే ఆగిపోతుంది. నాకున్నది ఏడాది కాంట్రాక్టు. అందుకని సరే, జ్యోతి అక్కర్లేదు, ఒక ఫోటో ఇస్తాను అన్నాను.

అక్టోబరు చివర్లో ఒక శనివారం. పొద్దుటినుంచి వాన. ఏడుగురు వచ్చారు. విడవలూరు అమ్మాయి తెచ్చిన వాక్యం వాళ్ల అవ్వ ఫోన్లో చెప్పింది: "వాన వెలిసినాక రామ్మా." బోర్డు మీద రాశాం. ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్స్ అన్నారు ఇద్దరు. ఒకబ్బాయి ఒప్పుకోలేదు. ఆగడం వేరు, వెలవడం వేరు అన్నాడు.

"ఆగింది అంటే మళ్లీ పడుద్ది మేడం. వెలిసింది అంటే మబ్బు కూడా పొయ్యుండాల."

"పెంచలకోనలో నరసింహస్వామి వెలిశాడు అంటారు కదా, అదీ ఇదీ ఒకటేనా?" ఇంకొకమ్మాయి.

"రంగు వెలిసింది అని కూడా అంటారు మేడం. మా అమ్మ పాటూరు చీర వెలిసిపోయిందని ఏడుస్తా ఉంటది."

ఒకే మాట. వాన పోతుంది, రంగు పోతుంది, దేవుడు మాత్రం వస్తాడు. నేను కూడా అంతకుముందు ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. వరండా దాటి తెలుగు మాస్టారిని అడిగొస్తానని ఒకడు లేచాడు. స్టేప్లర్ కోసం కాకుండా అటు వెళ్లడం అదే మొదటిసారనుకుంటా. మాస్టారు అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. ఈలోపు మూల బెంచీలో కూర్చున్న అమ్మాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్ల, నోట్సులో ఏదో రాసి నా వైపు తిప్పింది. కమ్ వెన్ ద రెయిన్ హాజ్ ఫేడెడ్.

ఇంగ్లీషులో అట్లా అనరు. పరీక్ష పేపర్లో అయితే ఫేడెడ్ కింద ఎర్ర గీత గీసేదాన్ని. చేతిలో పెన్ను ఉంది కూడా. చీర, వాన ఒకే నూలుతో నేసినట్టున్న ఆ వాక్యం ఒకటికి రెండుసార్లు చదివి, ఆ పిల్లని లేచి పైకి చదవమన్నాను. చదివింది. విడవలూరు అమ్మాయి "మా అవ్వ అట్నే అనుంటది మేడం, ఇంగ్లీషు వస్తే" అంది.

అప్పుడు ఫోటో గుర్తొచ్చింది. ఫోన్ తీసి యాప్ తెరిచాను. లొకేషన్ వెతుకుతోంది అని తిరుగుతూ ఉంది. వానకి సిగ్నల్ సరిగా లేదు. ఒక నిమిషం ఉండండమ్మా, అందరూ బోర్డు దగ్గరికి రండి అన్నాను. కిటికీలోంచి ఎవరో తొంగిచూసి వాన వెలిసిందని అరిచారు. కావలి బస్సు వచ్చే టైము. ఏడుగురూ సంచులు భుజాన వేసుకుని, సారీ మేడం, వస్తాం మేడం అంటూ పరిగెత్తారు. యాప్ అప్పటికి ఊరిని పట్టుకుంది. ఎట్లాగూ తెరిచాను కదా అని నొక్కాను.

ఫోటో ఫైల్లో పెట్టాను. పట్టీలో తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. బోర్డు మీద అవ్వ మాట, బెంచీల మీద తడి గొడుగుల మరకలు ఉన్నాయి.